గడియారాలు అనే మాటలో ఒక వరుస

అందరికీ నమస్కారం. మొదట బోర్డు మీద ఒక మాట రాస్తాను: గడియారాలు. ఇందులో గుణింతాలు పక్కన పెట్టి హల్లులు మాత్రం చదవండి. గ, డ, య, ర, ల. మనం దిద్దుకున్న వర్ణమాలలో కూడా ఇవి ఇదే వరుసలో వస్తాయి. మధ్యలో చాలా అక్షరాలు వదిలేశాం, నిజమే. కానీ ఒక్కటి కూడా వెనక్కి పోలేదు.

ఇప్పుడు ఇంకో మాట: సరదాగా. స, ర, ద, గ. ఇది పూర్తిగా తిరగబడింది. వర్ణమాల చివర మొదలై మొదటి వైపుకు నడిచింది. 'సరిపడా' కూడా అంతే. ఇంగ్లీషులో ఇలాంటి మాటల్ని చాలాకాలంగా సరదాగా ఏరుతున్నారు. 'ఆల్మోస్ట్' స్పెల్లింగ్ చూడండి: ఏ, ఎల్, ఎమ్, ఓ, ఎస్, టి. 'బయాప్సీ' కూడా అదే కోవ. 'ఫస్ట్' లో ఆర్, ఎస్, టి పక్కపక్కనే ఉంటాయి. 'అండర్‌స్టడీ' లో అయితే ఆర్, ఎస్, టి, యు నాలుగూ వరుసగా దొరుకుతాయి.

ఒక పెద్ద పాఠం, అంటే పేజీల కొద్దీ రాత, ఇచ్చి ఇలా వరుసలో ఉన్న అక్షరాలన్నీ వెతికి పెట్టమంటే ఏం చేస్తాం? ఈరోజు నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ 'వరుస' అంటే ఏమిటి, 'అక్షరం' అంటే ఏమిటి అని మనల్ని నిలబెట్టి అడుగుతుంది. అర్రే ప్రోగ్రామింగ్ అంటే విలువల్ని ఒక్కొక్కటిగా కాకుండా మొత్తం జాబితాగా, అంటే అర్రేగా, తీసుకుని కోడ్ రాయడం. అందులో ఆ రెండు ప్రశ్నలకూ మనం ఇచ్చిన జవాబు కోడ్ లో పైకే కనిపిస్తుంది. నాకు ఈ పద్ధతి మీద ఇష్టం కలిగింది అందుకే.

మామూలుగా ఎలా రాస్తామో మీకు తెలుసు. ఒక లూప్, అంటే అదే పనిని ఒక్కో అక్షరానికీ మళ్లీ మళ్లీ చేయించడం. ముందటి అక్షరం గుర్తుపెట్టుకోవడానికి ఒక వేరియబుల్, అంటే విలువ దాచుకునే పేరు. ఇప్పటిదాకా ఎంత పొడుగు వచ్చిందో ఒక లెక్క. అన్నిటికంటే పెద్దది ఏదో ఇంకో లెక్క. పదం అయిపోతే ఒక ఇఫ్, అంటే 'ఇలా అయితే ఇది చేయి' అన్న షరతు, పాఠం అయిపోతే మరో ఇఫ్. నేనూ మొదట అలాగే రాశాను. పనిచేసింది కూడా. కానీ పాఠంలో చివరి పదమే అన్నిటికంటే పొడుగైనది అయినప్పుడు అది లెక్కలోకి రాలేదు. లూప్ ముగిశాక ఇంకోసారి పోల్చి చూడడం మర్చిపోయాను. ఆ తప్పు నాకు చాలా రోజులు కనిపించలేదు. ఎందుకు కనిపించలేదంటే, 'వరుసలో ఉందా' అన్న అసలు ప్రశ్న ఆ కోడ్ లో ఎక్కడా ఒక చోట లేదు. నాలుగైదు లైన్లలో చెదిరిపోయి ఉంది.

ఇప్పుడు అదే ప్రశ్నను ఇంకోలా రాస్తాను. పేర్లు మీకు సులువుగా ఉండాలని తెలుగులో పెడుతున్నాను.

∧/2</వర్ణమాల⍳పదం

ఇంతే. ఇది ఏపీఎల్ అనే భాషలో రాసింది. దీన్ని రూపొందించినవాడు కెనడాలో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్. హార్వర్డ్ లో పాఠాలు చెప్పేటప్పుడు బోర్డు మీద లెక్కల పద్ధతులు స్పష్టంగా రాసుకోవడానికి ఈ గుర్తులు తయారుచేసుకున్నాడు. 1962లో అవి పుస్తకంగా వచ్చాయి. అప్పటికి అది మనుషులు మనుషులకు చెప్పుకునే రాత మాత్రమే. 1966 నాటికి ఐబీఎం కంప్యూటర్ల మీద నడిచే భాష అయింది. 1979లో ఆయనకు కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆ సందర్భంగా ఆయన మాట్లాడింది కూడా, మనం వాడే గుర్తులు మన ఆలోచనకు ఎలా పనిముట్టు అవుతాయన్న విషయం మీదే. ఈ భాష బోర్డు మీద పుట్టిందన్న సంగతి గుర్తుపెట్టుకుంటే, ఆ వింత గుర్తులు చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఏపీఎల్ ని కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడి చివర పదం ఉంది. దాని పక్కన ఉన్న కొక్కెం లాంటి గుర్తు పేరు అయోటా. ఎడమ పక్కన ఇచ్చిన వర్ణమాలలో ఈ పదంలోని ఒక్కో అక్షరం ఎన్నో స్థానంలో ఉందో అది చెబుతుంది. నా వర్ణమాలలో క ఒకటి, ఖ రెండు, అలా పోతే హ ముప్పై మూడు. ఆ తర్వాత ళ, ఱ. మొత్తం 35. క్ష సంయుక్తాక్షరం కాబట్టి దాన్ని విడిగా పెట్టలేదు. గ, డ, య, ర, ల ఇస్తే వచ్చే జవాబు ఇది:

3 13 26 27 28

ఒక్కో అక్షరానికి విడిగా అడగలేదని గమనించండి. మొత్తం జాబితా ఒకేసారి ఇచ్చాం, మొత్తం జాబితా ఒకేసారి వచ్చింది. వర్ణమాలలో లేని అక్షరం ఇస్తే 36 వస్తుంది, అంటే పొడుగు కంటే ఒకటి ఎక్కువ. ఈ సంగతి కొంచెం సేపట్లో మనల్ని ఇబ్బంది పెడుతుంది, గుర్తుంచుకోండి.

ఆ తర్వాత '2</'. పక్కపక్కన ఉన్న రెండేసి అంకెలు తీసుకుని, ఎడమది కుడిదానికంటే చిన్నదా అని అడగడం. 3 కంటే 13 పెద్దది, అవును. 13, 26, అవును. 26, 27. 27, 28. అన్నీ అవునే. 'అవును'ను 1 అనీ 'కాదు'ను 0 అనీ రాస్తారు కాబట్టి జవాబు 1 1 1 1. ఐదు అక్షరాల మధ్య నాలుగు సందులు. ప్రశ్న అడిగేది అక్షరాన్ని కాదు, సందును. మనం లూప్ లో ముందటి అక్షరాన్ని ఒక వేరియబుల్ లో దాచుకుని చేసిన అవస్థంతా ఈ సందుల కోసమే.

చివరికి ఎడమ పక్కన '∧/'. ఇవన్నీ నిజమేనా అని. అన్నీ ఒకటైతే 1, ఒక్క సున్న ఉన్నా 0.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నాకు ఇది చాలా నచ్చిన చోటు. ఒకే అక్షరం ఉన్న పదం ఇస్తే ఏమవుతుంది? 'పో', 'రా', 'మీ'. ఒక అక్షరానికి సందులే లేవు. ఖాళీ జాబితా వస్తుంది. ఖాళీ జాబితాలో అన్నీ నిజమేనా అని అడిగితే ఏపీఎల్ 1 అంటుంది. కూడికలో సున్న ఎలాగో, గుణకారంలో ఒకటి ఎలాగో, 'మరియు' అనే ఈ క్రియలో నిజం అలాంటిది. దాన్ని కలిపినా ఫలితం మారదు. అందుకే ఖాళీకి అదే జవాబు. ఒంటరి అక్షరం వరుస తప్పడానికి అవకాశమే లేదు కాబట్టి మనకు కావాల్సిన జవాబు కూడా అదే. దీనికి విడిగా ఇఫ్ రాయాల్సిన అవసరం రాలేదు.

కొందరు ఇంకో దారి చూపిస్తారు. పదంలోని అక్షరాల్ని సార్ట్ చేసి, అంటే వర్ణమాల వరుసలో పేర్చి, అసలు పదంతో పోల్చండి, రెండూ ఒకటైతే వరుసలో ఉన్నట్టే అని. వినడానికి అందంగా ఉంటుంది. నాకు మాత్రం అది నచ్చదు. సార్ట్ చేయడమంటే అవసరమైన దానికంటే ఎక్కువ పని. పైగా వరుస తప్పితే ఎక్కడ తప్పిందో అది చెప్పదు. మన సందుల జాబితా చెబుతుంది. అందులో సున్న ఎక్కడుందో అక్కడ తప్పింది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే అక్షరం రెండుసార్లు వస్తే ఒప్పుకోవాలా, వద్దా? సార్ట్ పద్ధతి ఎప్పుడూ ఒప్పుకుంటుంది. మన లైన్ లో ఆ నిర్ణయం మన చేతిలో ఉంది. చిన్నది అన్న గుర్తు పెడితే ఒప్పుకోదు. చిన్నది లేదా సమానం అన్న గుర్తు పెడితే ఒప్పుకుంటుంది. 'తపస్సు' మాటలో స రెండుసార్లు వస్తుంది. అది వరుసలో ఉన్నట్టా, లేనట్టా? మీరు ఏ గుర్తు రాశారన్నదే మీ జవాబు.

అక్షరాలు పక్కపక్కనే, మధ్యలో ఒక్కటి కూడా వదలకుండా రావాలంటే? అప్పుడు పోల్చకుండా తీసివేయాలి. గడియారాలు మాటలో తేడాలు 10, 13, 1, 1. చివర రెండు ఒకట్లు పక్కపక్కన ఉన్నాయంటే మూడు అక్షరాలు అంటుకుని వచ్చాయన్నమాట. య, ర, ల! ఇంగ్లీషులో 'ఫస్ట్' ఎలాగో మనకు గడియారాలు అలాగ. ఒక జాగ్రత్త. ఏపీఎల్ లో పక్కపక్క తీసివేత ఎడమ నుంచి కుడిదాన్ని తీస్తుంది. అందుకని పైకి పోయే వరుసకు మైనస్ ఒకటి వస్తుంది. పైథాన్ భాషలో అర్రేల కోసం ఉన్న నంపై అనే ఉపకరణం వాడేవాళ్లు 'డిఫ్' అనే ఫంక్షన్ పిలుస్తారు. అది కుడి నుంచి ఎడమదాన్ని తీస్తుంది, కాబట్టి ప్లస్ ఒకటి. రెండూ వాడేవాళ్లు ఇక్కడ తప్పకుండా ఒకసారి పొరపాటు పడతారు.

ఇంతవరకూ నేను ఒక అబద్ధం లాంటిది చెప్పాను. 'గడియారాలు' ఇస్తే గ డ య ర ల వస్తాయన్నట్టు మాట్లాడాను. రావు. అసలు పని అక్కడే ఉంది.

కంప్యూటర్ లో తెలుగు ఎలా ఉంటుందో చూద్దాం. యూనికోడ్ అంటే ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణం. దాని మొదటి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు మనవి. క కు 3093, హ కు 3129. దీర్ఘానికి 3134, గుడికి 3135, కొమ్ముకు 3137, పొల్లుకు 3149. తలకట్టుకు మాత్రం ఏమీ లేదు. హల్లు తర్వాత ఏ గుర్తూ లేకపోతే తలకట్టు ఉందని అర్థం.

'గడియారాలు' లో మన కంటికి ఐదు అక్షరాలు. యూనికోడ్ కు తొమ్మిది: గ, డ, గుడి, య, దీర్ఘం, ర, దీర్ఘం, ల, కొమ్ము. నేను మొదటిసారి ఈ కోడ్ నంబర్లనే నేరుగా పోల్చేశాను. ఒక పెద్ద పదాల జాబితా మీద నడిపితే దొరికినవన్నీ చిన్నాచితకా మాటలు. ఎందుకో ఆలోచిస్తే అర్థమైంది. గుణింతపు గుర్తుల నంబర్లు ఎప్పుడూ హల్లుల నంబర్ల కంటే పెద్దవి. హల్లు నుంచి గుర్తుకు పోతే పైకి, గుర్తు నుంచి తర్వాతి హల్లుకు పోతే కిందికి. ప్రతి గుణింతం దగ్గరా వరుస తెగిపోతుంది. మధ్యలో అన్నీ తలకట్లే ఉన్న మాటలు మాత్రమే బతికి బయటపడతాయి. నేను వెతికింది వర్ణమాల వరుసను అనుకున్నాను. యంత్రం వెతికింది వేరే దాన్ని.

సరే, హల్లుల్ని మాత్రం ఏరుకుందాం. ప్రతి స్థానంలో 'ఇది హల్లేనా' అని అడిగితే ఒకట్లు, సున్నల జాబితా వస్తుంది. దీన్ని మాస్క్ అంటారు. మాస్క్ లో ఒకటి ఉన్నచోట అక్షరం ఉంచి, సున్న ఉన్నచోట వదిలేస్తే పని అయిపోతుంది. గడియారాలు లాంటి మాటకు ఇది చాలు.

ఒత్తులున్న మాట తీసుకోండి. ప్రయాణికులు. యూనికోడ్ లో ఇది ప, పొల్లు, ర, య, దీర్ఘం, ణ, గుడి, క, కొమ్ము, ల, కొమ్ము. మొత్తం 11. హల్లుల మాస్క్ ఇలా ఉంటుంది:

1 0 1 1 0 1 0 1 0 1 0

ఆరు హల్లులు. కానీ పలికేటప్పుడు ఐదే అక్షరాలు, ఎందుకంటే 'ప్ర' ఒక్కటే అక్షరం. ర ను లెక్కపెట్టాలా వద్దా? ఇది యంత్రం తేల్చే విషయం కాదు, మనం తేల్చాలి. నేను ఒత్తును వదిలేసి ముందున్న హల్లును మాత్రం తీసుకుంటాను. ఎలా చెప్పాలి? పొల్లు ఎక్కడుందో ఇంకో మాస్క్ చేసి, దాన్ని ఒక్క స్థానం కుడికి జరపండి. అప్పుడు పొల్లు తర్వాత వచ్చిన హల్లు మీద ఒకటి పడుతుంది. 'హల్లు అవ్వాలి, జరిపిన పొల్లు మాస్క్ లో ఉండకూడదు' అంటే చాలు. మిగిలేవి ప, య, ణ, క, ల. సరిగ్గా ఐదు.

జరపడం అన్న ఈ ఒక్క పనిని నేర్చుకుంటే తెలుగు పాఠంలో చాలా సమస్యలు తీరతాయని నా అనుభవం. 'పక్కన ఏముంది' అన్న ప్రశ్న మన లిపిలో అడుగడుగునా వస్తుంది. అర్రేను ఒకటి జరిపి దాని పక్కనే పెట్టుకుంటే పక్కింటి సంగతి మన ఇంట్లోనే కనిపిస్తుంది.

'సాఫ్ట్‌వేర్' మాటలో ఒక విశేషం ఉంది. ట తర్వాత పొల్లు, ఆ తర్వాత వ. వ ఒత్తుగా కిందికి పోకుండా ఉండాలని టైప్ చేసేటప్పుడు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. మన జరిపిన మాస్క్ ఆ కనిపించని గుర్తు మీద పడుతుంది, వ మీద పడదు. అందువల్ల వ విడి అక్షరంగా లెక్కలోకి వస్తుంది. చదివేవాళ్లకు కూడా అది విడి అక్షరమే. ఇది నేను ఆలోచించి పెట్టింది కాదు, నియమాన్ని సరిగా చెప్పడం వల్ల దానంతటదే వచ్చింది.

అచ్చుల వరుస వెతకాలంటే తలకట్టు దగ్గర పని పడుతుంది, ఎందుకంటే అది రాతలో ఉండదు. దానికీ జరపడమే మందు, ఈసారి ఎడమకు. హల్లు అయి ఉండి, తర్వాతి స్థానంలో గుణింతపు గుర్తు గానీ పొల్లు గానీ లేకపోతే, అక్కడ అ ఉంది. ప్రయాణికులు మాటలో ఆ నియమం ర దగ్గర మాత్రమే తగులుతుంది. అప్పుడు అచ్చులు అ, ఆ, ఇ, ఉ, ఉ. ఎంత చక్కగా వచ్చాయో చూడండి. చివర ఉ రెండుసార్లు ఉంది కాబట్టి సమానం గుర్తు పెడితేనే ఒప్పుకుంటుంది. 'రహదారి' కూడా ఇలాంటిదే: అ, అ, ఆ, ఇ. 'జవాబు' అయితే అ, ఆ, ఉ, దేనికీ సమానం అక్కర్లేదు.

ఐత్వం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అది ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు. మొదటే యూనికోడ్ నార్మలైజేషన్ చేసేయండి, అంటే రెండు రకాల రాతల్నీ ఒకే రూపంలోకి తెచ్చేయండి.

ఇప్పుడు వరుస విషయం. హల్లుల్ని ఏరుకున్నాం కదా, ఇక కోడ్ నంబర్లనే పోల్చుకోవచ్చు కదా, వర్ణమాల ఎందుకు విడిగా ఇవ్వాలి అని మీకు అనిపించవచ్చు. యూనికోడ్ వరుస మన వరుస కాదు. భారతీయ లిపుల గళ్లను భారతీయ లిపుల కోసం అంతకుముందే ఉన్న 1988 నాటి ఇస్కీ అనే కోడ్ ప్రమాణాన్ని అనుసరించి ఏర్పాటు చేశారు. ఒక లిపిలో ఉన్న అక్షరం ఇంకో లిపిలో కూడా అదే స్థానంలో ఉండాలన్నది అందులోని ఏర్పాటు. తమిళంలో రెండో రకం న ఉంది. దాని గడి తెలుగులో ఖాళీగా ఉంది. అందుకే న 3112 అయితే ప 3114. మనం త థ ద ధ న, ప ఫ బ భ మ అని ఊపిరి తిప్పుకోకుండా చదువుతాం. కోడ్ నంబర్ల ప్రకారం చూస్తే న తర్వాతది ప కాదు.

ర 3120, ల 3122. మధ్యలో 3121 లో ఱ కూర్చుంది. ల తర్వాత ళ వచ్చి, వ 3125 కు జరిగింది. మనం ళ ను హ తర్వాత చెప్పుకుంటాం. అంటే 'తేడా ఒకటి' అన్న నియమాన్ని కోడ్ నంబర్ల మీద పెడితే, గడియారాలు మాటలో మనం చూసిన య, ర, ల దొరకదు. య నుంచి ర కు ఒకటి, ర నుంచి ల కు రెండు. మన కంటికి ఎదురుగా ఉన్న వరుస యంత్రానికి లేదు.

అయోటాకు ఎడమ పక్కన వర్ణమాల ఇవ్వడం అందుకే తప్పనిసరి. అక్కడ మనం ఏ వరుస రాస్తే అదే వరుస. ళ ను చివర పెడతారా, ల పక్కన పెడతారా, అది మీ ఇష్టం. ఆ ఇష్టం ఎక్కడో ఇతరులు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ లోతుల్లో దాక్కోకుండా లైన్ లోనే కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే పనిచేసేవాళ్లకు ఈ అవసరం పెద్దగా తెలియదు, ఎందుకంటే అక్కడ చిన్నబడి అక్షరాల కోడ్ వరుస, చదువుకున్న వరుస ఒకటే. మనకు ఒకటి కాదు కాబట్టే మనం ఇది బాగా నేర్చుకోగలం.

ఇంతవరకూ ఒక్కో పదం. ఇక పాఠం మొత్తాన్ని ఒకేసారి చూద్దాం. చాలామంది ముందు పాఠాన్ని పదాలుగా ముక్కలు చేస్తారు. చేయొచ్చు. కానీ ముక్కలు చేయకుండా ఒకే పొడుగాటి అర్రేగా ఉంచితే పని వేగంగా జరుగుతుంది, ఆలోచన కూడా తేటగా ఉంటుంది. ఉదాహరణకు రెండు మాటలే తీసుకుంటాను: 'గడియారాలు సరదాగా'. హల్లులు తొమ్మిది:

3 13 26 27 28 32 27 18 3

పక్కపక్కన పోలిస్తే:

1 1 1 1 1 0 0 0

ఐదు ఒకట్లు వచ్చాయి. అంటే ఆరు అక్షరాల వరుస! కానీ గడియారాలు లో ఉన్నది ఐదే. మొదటి మాట చివరి ల, రెండో మాట మొదటి స కలిసిపోయాయి. హల్లులు ఏరేటప్పుడు మధ్యనున్న ఖాళీ కూడా పోయింది కాబట్టి ఇలా అయింది. ఖాళీని ఉంచేస్తే సరిపోతుందా? ఖాళీ వర్ణమాలలో లేదు, కాబట్టి దానికి 36 వస్తుంది. ల నుంచి 36 కు పోవడం కూడా పైకి పోవడమే! ఖాళీ కూడా వరుసలో ఒక అక్షరమై కూర్చుంటుంది. దానికి సున్న ఇస్తే ఇంకో వైపు నుంచి అదే చిక్కు. సున్న నుంచి తర్వాతి మాట మొదటి అక్షరానికి పోయేటప్పుడు పైకి పోయినట్టవుతుంది.

నాకు నచ్చిన పరిష్కారం ఇది. ఖాళీ ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్న పెట్టి, ఎడమ నుంచి కూడుకుంటూ పోండి. మొదటి మాటలోని ప్రతి అక్షరానికీ 0, రెండో మాటలోని ప్రతి అక్షరానికీ 1, మూడో మాటకు 2. అంటే ప్రతి అక్షరానికీ తను ఏ మాటలో ఉందో తెలిసింది. హల్లుల్ని ఏరిన మాస్క్ తోనే ఈ నంబర్లను కూడా ఏరండి:

0 0 0 0 0 1 1 1 1

పక్కపక్కనున్న రెండు నంబర్లూ సమానమేనా అని అడిగితే 1 1 1 1 0 1 1 1. ఇంతకుముందు వచ్చిన జాబితాతో దీన్ని 'మరియు' చేస్తే:

1 1 1 1 0 0 0 0

సరిహద్దు దగ్గర వరుస తెగింది.

ఇప్పుడు అన్నిటికంటే పొడుగైన వరుస ఏది? ఒకట్ల గుంపులు లెక్కపెట్టాలనిపిస్తుంది. అలా చేయకండి, సున్నల్ని చూడండి. జాబితాకు అటూ ఇటూ ఒక్కో సున్న తగిలించండి. 0 1 1 1 1 0 0 0 0 0. సున్నలు ఉన్న స్థానాలు 1, 6, 7, 8, 9, 10. వీటి మధ్య తేడాలు:

5 1 1 1 1

ఈ అంకెలు ఏమిటో చూశారా? గడియారాలు లో ఐదు అక్షరాల వరుస. తర్వాత స ఒంటరిగా, ర ఒంటరిగా, ద, గ. వరుసల పొడుగులు నేరుగా వచ్చేశాయి. రెండు సున్నల మధ్య ఉన్న ఒకట్లు ఎన్నో తెలియాలంటే తేడా నుంచి ఒకటి తీయాలి. సందుల నుంచి అక్షరాలకు రావాలంటే ఒకటి కలపాలి. ఆ తీసినదీ కలిపినదీ కొట్టుకుపోయాయి. సరిచూసుకోవాలంటే అన్నీ కూడండి, తొమ్మిది వస్తుంది. మన దగ్గరున్న హల్లులు తొమ్మిదే. లూప్ రాసినప్పుడు నన్ను అన్ని రోజులు తిప్పిన చివరి పదం సమస్య ఇక్కడ రాదు, ఎందుకంటే చివర తగిలించిన ఆ ఒక్క సున్న చివరి వరుసను మూసేస్తుంది.

తేడాల్లో పెద్దది ఎంతో అడిగితే పొడుగు, అది ఎక్కడుందో అడిగితే మాట. పాఠంలో రెండు మాటలున్నా పది లక్షల అక్షరాలున్నా రాసింది అదే.

కంప్యూటర్ మెమరీ ఖర్చు గురించి అడుగుతారని తెలుసు. అవును, ప్రతి దశలోనూ పాఠమంత పొడుగున్న కొత్త అర్రే పుడుతుంది. కానీ ఒకట్లు, సున్నల జాబితాలు చాలా తేలిక. ఏపీఎల్ ని నడిపే సాఫ్ట్‌వేర్లలో ఒకటైన డయలాగ్ ఏపీఎల్ వాటిని ఒక్కో బిట్ గా దాస్తుంది, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి పది లక్షల జవాబులు 1,25,000 బైట్లలో సరిపోతాయి. నంపై ఒక్కోదానికి ఒక బైట్ తీసుకుంటుంది, అంటే పది లక్షల బైట్లు. ఇప్పటి ఫోన్ కు కూడా అది లెక్క కాదు. ఏపీఎల్ గుర్తులు టైప్ చేయడం కష్టమనుకునేవాళ్లకు, ఐవర్సన్, రోజర్ హుయ్ కలిసి 1990లో తెచ్చిన 'జె' భాష ఉంది. అది మామూలు కీబోర్డు గుర్తులే వాడుతుంది. నేను చెప్పినవన్నీ అందులోనూ, నంపైలోనూ చేయొచ్చు. భాష ఏదన్నది నాకు ముఖ్యం కాదు.

ఈ పద్ధతి సరిపడని చోటు కూడా చెప్పాలి. పక్కపక్కనే అక్కర్లేదు, మధ్యలో ఎన్ని అక్షరాలు వదిలేసినా పర్లేదు, పైకి పోయే అతి పొడుగైన వరుస ఏరమన్నారనుకోండి. అప్పుడు సందులు చాలవు. ప్రతి అక్షరాన్నీ ప్రతి అక్షరంతో పోల్చే పట్టిక కట్టొచ్చు. ఒక మాట వరకు అది హాయిగా పనిచేస్తుంది. పది లక్షల అక్షరాల పాఠానికి పట్టికలో లక్ష కోట్ల గళ్లు. అక్కడ మొండికేయకండి. ఒక్కో అక్షరం చూసుకుంటూ, ఇప్పటిదాకా ఏ పొడుగు వరుస ఏ అక్షరంతో ముగుస్తుందో గుర్తుపెట్టుకుంటూ పోయే పాత పద్ధతి ఉంది. దాన్ని లూప్ తోనే రాయండి. అక్కడ ప్రతి నిర్ణయం ముందటి నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి లూప్ ఆ సమస్యకు తగిన ఆకారమే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

వెనక నుంచి ఒకమ్మాయి అడుగుతోంది: హల్లులు వరుసలో ఉండాలి, అచ్చులు కూడా వరుసలో ఉండాలి, అలాంటి మాట ఉందా అని. మంచి ప్రశ్న అమ్మా. ఇప్పుడే చేసి చూద్దాం. హల్లులకు ఖచ్చితంగా చిన్నది అన్న గుర్తు పెడదాం, అచ్చులకు సమానం కూడా ఒప్పుకుందాం. లేకపోతే మాటలు మరీ తక్కువైపోతాయి. రెండు జవాబుల మధ్య 'మరియు'.

మన గడియారాలు నిలబడదు. అచ్చులు అ, ఇ, ఆ, ఆ, ఉ. ఇ తర్వాత ఆ వచ్చి వెనక్కి పోయింది. 'కాగితాలు' హల్లుల్లో బాగుంది, క, గ, త, ల. అచ్చుల దగ్గర అదే తప్పు, గుడి తర్వాత దీర్ఘం. 'జపమాల' చూద్దాం. జ, ప, మ, ల, సరే. అ, అ, ఆ, మళ్లీ అ. చివరి అక్షరంలో పోయింది. 'గడపలు': గ, డ, ప, ల. అ, అ, అ, ఉ. ఇది నిలబడింది!

ఇంకొకటి. 'కథనాలు' రాయండి. క 1, థ 17, న 20, ల 28. సందులు 1 1 1. అచ్చులు అ, అ, ఆ, ఉ. సందులు 1 1 1. రెండిటికీ కలిపి జవాబు 1. ఇందులో మూడు వేర్వేరు అచ్చులు కూడా ఉన్నాయి, గడపలు లో రెండే. ఐదు అక్షరాల మాట ఉందేమో చూడాలంటే జాబితా మొత్తం మీద నడపాలి. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు తెరవండి, ఇక్కడే నడుపుదాం.